పెరటి పూవు – పరమేశ్వరుని పూజ

(ఆలయ జీర్ణోద్ధరణ, మహాకుంభాభిషేకానంతరము జరిగిన మండలాభిషేక సమాప్తి సభలో ఆలయ ప్రధానార్చకులు చేసిన ప్రసంగ పాఠము)



  

ఈ సంచికలో ఆలయ చరిత్రను గూర్చి, శిల్పమును గూర్చి, ప్రతిష్ఠా విధానమును గూర్చి పెద్దలు ఎందరో వ్రాసియున్నారు. దాతల నామావళి కూడ ఇందు ముద్రింపబడినది. నన్ను కూడ నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గము వారు కోరినప్పుడు, ఏ విషయము చెప్పవలెనా యని ఆలోచించినాను. శాస్త్ర విషయములు చెప్పుటకు నాకంటె పండితులు కలరు. నేను చెప్పదలచినది చిన్న విషయము. మీ ఇంటి పెరటిని గూర్చి, మీ గుమ్మము ముందు నున్న నాలుగు కుండీలను గూర్చి, మేడమీది పూలమొక్కలను గూర్చి చెప్పదలచినాను. ఆలయ సంచికలో పెరటి ప్రసంగమేమి అని మీకు తోచవచ్చును. దయయుంచి తుదివరకు చదువుడు.

అంకురార్పణమే ఆది

మొన్నటి ప్రతిష్ఠా మహోత్సవములకు మీరందరు విచ్చేసినారు. శిఖరముపై కలశము నిలిపిన క్షణమున, పూర్ణాహుతి నాడు, వేలమంది చూచినారు. కాని ఆ ఉత్సవము దేనితో మొదలయినదో ఎందరు గమనించినారు? గణపతి పూజ, పుణ్యాహవాచనము అయిన పిమ్మట జరిగినది మృత్సంగ్రహణము. అనగా భూదేవిని పూజించి, గునపముతో మన్ను త్రవ్వి తెచ్చుట. ఆ మట్టిని పాలికలలో నింపి, పాలలో నానిన నవధాన్యములను అందు చల్లి, నీరు చిలకరించినాము. ఇదియే అంకురార్పణము. దీనిని రాత్రివేళ చేయుట సంప్రదాయము. ఏలయన ఓషధులకు అధిపతి చంద్రుడు. ఆ మొలకలు ఎంత పచ్చగా, ఎంత నిటారుగా వచ్చినవో చూచి, క్రతువు యొక్క శుభాశుభములను పెద్దలు గణించెదరు.

ఇంత పెద్ద రాతి ఆలయమునకు ప్రాణము పోయుటకు ముందు శాస్త్రము మనచేత చేయించిన మొదటి పని విత్తనము వేయుట. మన్ను, విత్తు, నీరు, మొలక. ఇది తోటపని గాక మరేమి?

తరువాతి క్రియలను చూడుడు. కలశములలో నుంచిన పంచపల్లవములు రావి, మేడి, జువ్వి, మర్రి, మామిడి చిగుళ్ళు. నవగ్రహ హోమములో సూర్యునకు జిల్లేడు, చంద్రునకు మోదుగ, అంగారకునకు చండ్ర, బుధునకు ఉత్తరేణి, గురువునకు రావి, శుక్రునకు మేడి, శనికి జమ్మి, రాహువునకు గరిక, కేతువునకు దర్భ. నూతన విగ్రహములకు జలాధివాసము, ధాన్యాధివాసము అయిన వెనుక జరుగునది పుష్పాధివాసము. చెట్టు లేనిదే హోమము లేదు. పూవు లేనిదే అర్చన లేదు.

నిత్యము మీరు వినుచున్న రుద్రాధ్యాయమునందు ఆకులే కేశములుగా గల వృక్షములకు నమస్కారము కలదు. అరణ్యములకు పతియైనవానికి, వృక్షములకు పతియైనవానికి నమస్కారము కలదు. ప్రతి సోమవారము నేను ఈ గర్భగుడిలో దానిని చదువుచు అభిషేకము చేయుచునే యున్నాను. కాని ఆ నమస్కారము యొక్క అర్థము నాకు చాల ఆలస్యముగ తెలిసినది. ఆ సంగతియే ఇప్పుడు చెప్పబోవుచున్నాను.

కోయుట నేర్చినాను, పోయుట నేర్వలేదు

నా బాల్యమున వేదపాఠశాలలో తెల్లవారుజామున లేచి, స్నానము చేసి, సజ్జ పట్టుకొని పూలు కోయుట చిన్న విద్యార్థుల పని. మా గురువుగారు మాకు సంధ్యావందనముతోపాటు పూలను గూర్చిన నియమములను కూడ నేర్పినారు. స్నానము చేయక కోయరాదు. సూర్యాస్తమయము తరువాత కోయరాదు. వాసన చూడరాదు. మొగ్గలు త్రుంపరాదు. నేల రాలిన పూవు పనికిరాదు, పారిజాతము తప్ప. శివునకు మొగలి నిషిద్ధము. బిల్వమునకు నిలువ దోషము లేదు. ఇవన్నియు కంఠస్థము చేసినాను.

1986వ సంవత్సరమున ఈ ఊరి ఆలయమునకు అర్చకునిగా వచ్చినాను. అప్పటికి కొత్వాల్‌గూడ చుట్టును జొన్న చేలు, కూరగాయల మళ్ళు, ఎర్ర చెల్కలు. ఆవల హిమాయత్ సాగరము నీరు మెరయుచుండెడిది. గుడి వెనుక బావికిని పాకశాలకును నడుమ సుమారు రెండువందల గజముల ఖాళీ స్థలము. రాళ్ళు, తుమ్మకంప తప్ప అందేమియు లేదు. నా ధర్మపత్ని ఆ కంప తీయించి, రాళ్ళు ఏరి, అచట తోట వేసినది. తన పుట్టింటి నుండి ముద్ద నందివర్ధనము కొమ్మను తడిగుడ్డలో చుట్టి తెచ్చినది. ఆ పిదప గన్నేరు, మందారము, పారిజాతము, మల్లె పందిరి, మరువము, కనకాంబరము వచ్చినవి. ఒక మూల బిల్వ వృక్షము, ఇంకొక మూల జమ్మి, నడుమ తులసి కోట.

ముప్పది సంవత్సరములకు పైగా ప్రతి ఉదయము నేను ఆ తోటలోనికి సజ్జతో పోయి పూలు కోసికొని వచ్చినాను. స్వామికి ఏనాడును బజారు పూలు కొనవలసిన అగత్యము నాకు కలుగలేదు. మంత్రపుష్పము చెప్పి ఆ పూలను స్వామి పాదముల మీద ఉంచుచుంటిని. భక్తులు "అయ్యగారూ, పూలెంత ముద్దుగున్నయ్" అనెడివారు. నేను సంతోషించుచుంటిని. ఆ సంతోషములో నా పాలెంత, ఆమె పాలెంత అని ఏనాడును లెక్క చూచికొనలేదు.

2018వ సంవత్సరమున ఆమెకు జబ్బు చేసినది. మంచము పట్టిన నాలుగవ నాడు ఉదయము నేను పూల సజ్జతో లోనికి వచ్చితిని. ఆమె సజ్జ వంక చూచి అన్నది: "ఏమండీ, ముప్పై ఏళ్ళుగా కోస్తున్నారు. ఒక్కనాడైనా ఒక చెంబెడు నీళ్ళు పోశారా?"

ఆ మాటలో నిష్ఠూరము లేదు. నవ్వుచునే అన్నది. కాని నాకు జవాబు దొరకలేదు. నాలుగు రోజులుగా ఆ మొక్కలకు నీరు లేదన్న సంగతి కూడ నాకు తోచలేదు. రుద్రములో వృక్షములకు నమస్కారము చెప్పువాడను, చెట్టుకు నీరు పోయుట ఎరుగనివాడను!

ఆనాడే బావి నుండి నీరు తోడి పోసినాను. ఏ మొక్కకు ఎంత పోయవలెనో తెలియదు. ఆమె మంచములో నుండి చెప్పెడిది. "తులసికి అంత వద్దు, వేరు కుళ్ళుతుంది. మల్లెకు ఆకు దూసేయండి, కత్తిరించండి, అప్పుడే పూస్తుంది. మందారానికి తెల్లగా పిండినల్లి పట్టింది చూడండి, లీటరు నీళ్ళలో ఒక చెంచా వేపనూనె, కాస్త కుంకుడు రసం కలిపి చల్లండి." అరువదికి చేరువైన వయస్సులో నేను మరల విద్యార్థినయినాను. ఈ పాఠమునకు గురువు నా భార్య. మరుసటి సంవత్సరము వర్షాకాలమునకు పూర్వమే ఆమె శివసాయుజ్యము నొందినది. ఆ ఏడు మృగశిర కార్తెలో తొలి వాన పడిన నాడు తోటలో మల్లె విరగబూసినది. ఆ పూలు కోయుటకు నాకు చేతులు రాలేదు. కాని కోయకున్న ఆమె ఒప్పుకొనదు గదా! కోసి స్వామికి సమర్పించినాను.

తోట తీయవలసి వచ్చినది

2023వ సంవత్సరమున జీర్ణోద్ధరణ కార్యము ప్రారంభమయినది. పాత మండపము పగుళ్ళు వారి, వాన కురిసినపుడు గర్భగృహము ముందు నీరు కారుచుండెడిది. క్రొత్త ముఖమండపము, నాలుగు ప్రక్కల ప్రాకారము, భక్తులు ప్రదక్షిణము చేయుటకు వెడల్పయిన బాట కావలెను. స్థపతిగారు కొలతలు వేసి, వెనుక తోట స్థలము తప్పక కలుపవలెనని చెప్పినారు. కార్యవర్గము వారు నా అభిప్రాయమడిగినారు. వారి మర్యాద అది. నేను సరే యన్నాను. ఆలయము పది కాలములు నిలువవలెనన్న అది అవసరమే. శాస్త్రము సమ్మతించినది, బుద్ధి సమ్మతించినది. మనస్సు మాత్రము సమ్మతింపలేదు. ఆ సంగతి నేడు మీ ముందు చెప్పుకొనుటలో తప్పు లేదనుకొనుచున్నాను.

అథర్వవేదమున భూమి సూక్తము కలదు. అందు ఋషి భూమాతను ప్రార్థించుచు, నీలో నేను త్రవ్వినది మరల త్వరగా మొలచుగాక, నా త్రవ్వకము నీ మర్మమును, నీ హృదయమును గాయపరుపకుండుగాక అని కోరుకొనును. ఓషధులను త్రవ్వునపుడు ఆ త్రవ్వినవానికి హాని కలుగకుండుగాక యని ఓషధి సూక్తము ప్రార్థించును. మన పూర్వులు చెట్టును తీయలేదని కాదు. తీసినారు, తీయవలసినపుడు తీసినారు. కాని క్షమాపణ చెప్పి తీసినారు. మరల మొలచుటకు ఏర్పాటు చేసి తీసినారు.

ఆ సూక్తము గుర్తుకు వచ్చి నాకొక ఆలోచన కలిగినది. వచ్చే ఆదివారము గుడికి వచ్చువారు ఒక సంచి, తడిగుడ్డ తెచ్చుకొనుడు, తోటలోని కొమ్మలు, పిలకలు, విత్తనములు మీ ఇండ్లకు తీసికొని పొండు అని హారతి వేళ ప్రకటించినాను. ఎందరు వచ్చెదరో అనుకొన్నాను. ముప్పదియేడు ఇండ్లవారు వచ్చినారు. వారి పేర్లు నా పంచాంగము వెనుక అట్టమీద వ్రాసికొన్నాను. నందివర్ధనము, గన్నేరు, మందారము కొమ్మలుగా పోయినవి. మల్లె అంట్లుగా పోయినది. పారిజాతము విత్తులు, తులసి నారు, మరువపు పిలకలు పోయినవి. బిల్వ, జమ్మి వృక్షములను మాత్రము కార్యవర్గము వారు నరుకనీయక, ప్రాకారపు కొలతను కొంత జరిపి కాపాడినారు. అందులకు వారికి నా శిరసా వందనములు.

ఆ మరునాడు యంత్రము వచ్చి తోటను చదును చేసినది. ఒక పూట పని. ముప్పదియేండ్ల తోట.

ముప్పదియేడు ఇండ్లలో చూచినది

బాలాలయములో పూజలు జరుగుచున్న రెండేండ్లలో వ్రతములకు, గృహప్రవేశములకు, శాంతులకు నేను ఎన్నో ఇండ్లకు వెళ్ళినాను. వెళ్ళిన ప్రతి ఇంట ముందుగా ఆ కొమ్మ ఏమయినదో చూచుట నాకు అలవాటయినది. కొన్ని ఇండ్లలో బ్రతుకలేదు. చాల ఇండ్లలో బ్రతికినది. అచట నేను చూచిన ఆనందమును గూర్చి చెప్పక తప్పదు.

ఒక పెద్దాయన పూర్వము వ్యవసాయదారుడు. మన ప్రాంతపు సంగతి మీకు తెలిసినదే. 1908 నాటి మూసీ వరదల తరువాత నగర రక్షణకు, త్రాగునీటికి ఉస్మాన్ సాగరము, హిమాయత్ సాగరము కట్టినారు. 1927లో పూర్తియైన హిమాయత్ సాగరము మన ఊరి దాపుననే యున్నది. ఈ జంట జలాశయముల రక్షణకై 1996లో వచ్చిన 111వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు 84 గ్రామములలో కట్టడములకు హద్దులు విధించినది. 2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయము వచ్చినది. అదే సంవత్సరము వెలుపలి వలయ రహదారిలో గచ్చిబౌలి నుండి శంషాబాదు వరకు గల భాగము తెరచినారు. భూమి విలువ పెరిగినది, భూమి చేతులు మారినది. ఆ పెద్దాయన పొలము కూడ అట్లే పోయినది. నేడు కుమారుని ఇంట మూడవ అంతస్తులో నున్నాడు. పైకప్పు మీద వరుసగా రంగు డబ్బాలు, ప్లాస్టిక్ తొట్లు పెట్టి, వాటిలో వంగ, టమాట, గోంగూర, మా నందివర్ధనము పెంచుచున్నాడు. ఆ మట్టి ఎక్కడిదని అడిగినాను. పొలము అప్పగించక ముందు పది బస్తాల మన్ను తెచ్చుకొన్నాడట. "ఎకరాలు పోయినయ్ అయ్యగారూ. గిప్పుడు నాకున్న పొలం గీ పదహారు డబ్బాలే" అన్నాడు. అనుచు ఒక టమాటపండు కోసి నా చేతిలో పెట్టినాడు. ఆయన ముఖములో దుఃఖమున్నదా, సంతోషమున్నదా అని పరికించినాను. రెండును ఉన్నవి. కాని ఉదయము ఐదు గంటలకు లేచుటకు తనకొక కారణమున్నదని ఆయన చెప్పినాడు. ఆ కారణమే మనిషిని నిలుపును.

ఉద్యోగరీత్యా వచ్చి అపార్టుమెంటులో నివసించుచున్న ఒక దంపతులకు బాల్కనీ మాత్రమే కలదు. ఎండ ఉదయము నాలుగు గంటల సేపు పడును. ఆ కొంచెము ఎండలో తులసి, మరువము, ఒక మందారము పెట్టుకొన్నారు. వారి చిన్న పిల్లవాడు ప్రతి ఉదయము పాఠశాలకు పోవుటకు ముందు ఎన్ని మొగ్గలు వేసినవో లెక్కించి తల్లికి చెప్పును. పూజ గదిలో ఆ ఒక్క మందారము పెట్టిన నాడు వానికి పండుగ. నూరు పూల హారము కొని తెచ్చిన నాడు వాడు వెనుదిరిగి కూడ చూడడని తల్లి నాతో చెప్పినది.

ఇంకొక వృద్ధురాలు. ఆమె ఇల్లు రెండు గదులు. వాకిట రెండు డబ్బాలు, రెండింటిలోను కనకాంబరములు. కుంభాభిషేకమునకు చందా వ్రాయించుటకు కార్యకర్తలు వెళ్ళినపుడు ఆమె సిగ్గుపడి లోనికి పోయినదట. మరునాడు గుడికి వచ్చి నాతో అన్నది: "నేను పైసలియ్యలేను అయ్యగారూ. రోజు దోసెడు పూలు తెస్త. చందాల రాస్కుంటరా?" వ్రాసికొన్నాను. నా పంచాంగము వెనుక అట్టమీదనే వ్రాసికొన్నాను. మండలము నలువది యెనిమిది దినములును ఆమె తప్పక తెచ్చినది.

భగవద్గీత తొమ్మిదవ అధ్యాయమున భగవానుడు ఆకునైనను, పూవునైనను, పండునైనను, నీటినైనను భక్తితో ఇచ్చినచో స్వీకరింతునని సెలవిచ్చినాడు. ఈ నాలుగింటిలో కొనవలసినది ఏది? పెరడున్నవానికి ఒక్కటియు లేదు. పేదవాడు కూడ ఇవ్వగలిగినవే భగవంతుడు ఎన్ని చెప్పినాడు.

పుష్పాధివాసము నాటి రాత్రి

అమ్మవారి నూతన విగ్రహమునకు పుష్పాధివాసము చేయవలసిన సాయంకాలము వాన కురిసినది. గుడిమల్కాపూర్ పూల మార్కెట్టు నుండి రావలసిన బంతి, చేమంతి, గులాబీల బండి త్రోవలో ఆలస్యమయినది. ఋత్విక్కులు సిద్ధముగ నున్నారు. ఇంతలో భక్తులు ఒక్కరొక్కరుగా రాసాగినారు. ఇంటి పూలు తెండని నేను ముందే చెప్పియుంటిని. స్టీలు పళ్ళెములలో, వెదురు బుట్టలలో, కొంగు మాటున, పిల్లల టిఫిను డబ్బాలలో పూలు వచ్చినవి. తంగేడు వచ్చినది, గునుగు వచ్చినది, గుమ్మడి పూలు వచ్చినవి. బతుకమ్మ పేర్చిన చేతులు గదా మనవి, ఏ పూవును చిన్న చూపు చూడవు! మందారములు, గన్నేరులు, మల్లెలు వచ్చినవి. తెల్లని ముద్ద నందివర్ధనములు పళ్ళెముల మీద పళ్ళెములుగా వచ్చినవి.

ఆ నందివర్ధనమును గుర్తింపకుండుట నా తరమా? తడిగుడ్డలో చుట్టి పుట్టింటి నుండి తెచ్చిన ఒక కొమ్మ అది. తోట పోయినది, తెచ్చిన మనిషి పోయినది. ఆ పూవు ముప్పదియేడు వాకిళ్ళ చుట్టు తిరిగి అమ్మవారి పాన్పుగా వచ్చినది. శయనింపజేసిన అమ్మవారి పాదముల నుండి నడుము వరకు ఇంటి పూలే సరిపోయినవి. రాత్రి తొమ్మిదింటికి బండి వచ్చినది. ఆ పైభాగమును బజారు పూలతో కప్పినాము. ఆ రాత్రి మంత్రము చెప్పుచుండగా నా గొంతు రెండు మారులు పట్టుకొన్నది. ప్రక్కనున్న ఋత్విక్కు నాకు చలి సోకినదనుకొని తీర్థము ఇచ్చినాడు.

బజారు పూలను నేను తక్కువ చేయుట లేదు. మొయినాబాదు, చేవెళ్ళ, శంకరపల్లి ప్రాంతముల రైతులు ఆ పూలమీదనే బ్రతుకుచున్నారు. పెద్ద ఉత్సవములకు అవి లేక సాగదు. ఆ రైతు చెమట కూడ పూజయే. నేను చెప్పునది ఒక్కటే. కొన్న పూవుతో మన ధనమును సమర్పింతుము. పెంచిన పూవుతో మన దినములను సమర్పింతుము.

పూలదొంగలకు ఒక మనవి

ఈ సందర్భమున నవ్వుచునే ఒక మనవి చేసెదను. తెల్లవారుజామున నడకకు బయలుదేరి, కొక్కెపు కర్రతో పరుల గోడ మీది పూలను కోసి దేవునికి పెట్టు భక్తులు మనలో కొందరు కలరు. శివమహిమ్న స్తోత్రమును రచించిన పుష్పదంతుని కథ వినియుందురు. ఆయన గంధర్వుడు. శివపూజకే అయినను ఒక రాజుగారి తోటలోని పూలను అదృశ్యుడై దొంగిలించుచుండెడివాడు. రాజు దారిలో శివ నిర్మాల్యమును పరపించినాడు. తెలియక దానిని త్రొక్కిన గంధర్వుని శక్తి నశించినది. శివునకై చేసినను దొంగతనము దొంగతనమే. ఇంటివారు ఎన్నాళ్ళో నీరు పోసి, నేడు పూయునని ఎదురుచూచిన పూవును మనము కోసికొని పోయినచో, ఆ పూజాఫలము ఎవరికి చెందునో ఆలోచింపుడు. అడిగి కోయుడు. అంతకంటె మేలు, ఒక కొమ్మ అడిగి తెచ్చి నాటుడు.

తోట పెంచి తరించిన మహనీయులు మనకు ఎందరో కలరు. శ్రీవిల్లిపుత్తూరులో విష్ణుచిత్తులు స్వామికి పూలతోట పెంచినారు. ఆ తోటలోని తులసి వనమున దొరికిన బిడ్డయే గోదాదేవి. ఆ కథనే శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదగా తెలుగు చేసినారు. తిరుమలలో గురువైన రామానుజుల ఆజ్ఞతో అనంతాళ్వారులు చెరువు త్రవ్వి తోట వేసినారు. ఆయన గునపమును నేటికిని తిరుమల ఆలయ మహాద్వారమున చూడవచ్చును. మహారాజుల కిరీటములతోపాటు ఒక తోటమాలి గునపమునకు కూడ స్వామి సన్నిధిలో స్థానము దొరికినది.

మీరు చేయదగినది

ఇక నాలుగు ఆచరణయోగ్యమైన మాటలు. నా అనుభవమున తెలిసినవే చెప్పుచున్నాను.

క్రొత్తగా మొదలు పెట్టువారు ఒక్క మొక్కతో మొదలుపెట్టుడు. తులసి గాని, నందివర్ధనము గాని, మందారము గాని. కొమ్మలు నాటుటకు తొలకరి మంచి కాలము. మన ఎర్రమట్టి రెండు పాళ్ళు, చివికిన పశువుల ఎరువు ఒక పాలు, గుప్పెడు వేపపిండి కలిపిన చాలును. తొట్టికి అడుగున రంధ్రము ఉండవలెను. పూల మొక్కకు దినమునకు కనీసము నాలుగైదు గంటల ఎండ కావలెను.

గన్నేరు, ఉమ్మెత్త, జిల్లేడు పూజకు శ్రేష్ఠములే గాని విషస్వభావము కలవి. పసిపిల్లలు, పశువులు ఉన్నచోట జాగ్రత్త. జిల్లేడు పాలు కంటికి తగులరాదు.

నిర్మాల్యమును కవరులో కట్టి చెరువులో వేయకుడు. హిమాయత్ సాగరము నగర ప్రజల దాహము తీర్చిన నీరు. ఆ నీటిని మలినము చేసిన పుణ్యము రాదు. పూజ అయిన పూలను దారములు, ప్లాస్టిక్ తీసివేసి, ఎండుటాకులతో పొరలు పొరలుగా ఒక కుండలో వేసి, కొంచెము మజ్జిగ నీరు చల్లి, వారమునకు ఒకమారు కలియబెట్టినచో సుమారు రెండు నెలలలో నల్లని ఎరువగును. ఆ ఎరువును మరల పూల మొక్కకే వేయుడు. స్వామి పాదముల నుండి మన్నులోనికి, మన్ను నుండి మరల స్వామి పాదములకు. ఇంతకంటె మంచి ప్రదక్షిణము నాకు తెలియదు.

వినాయక చవితి నాడు ఇరువదియొక్క పత్రుల పేరున రోడ్ల ప్రక్క చెట్లను విరిచి తెచ్చుట చూచుచున్నాము. గరిక, తులసి, మరువము, ఉత్తరేణి, దానిమ్మ, జాజి, గన్నేరు, మామిడి మన పెరటిలోనే పెరుగగలవు. దొరకినన్ని పత్రులతో చేసినను గణపతి అలుగడు. దొరకని పత్రికి అక్షతలు చాలును.

చివరి మాట

కార్యవర్గము వారు నా విన్నపమును మన్నించి, ప్రాకారమునకు ఈశాన్యమున, బిల్వ వృక్షము నానుకొని, ఇరువది అడుగుల వెడల్పు స్థలమును నందనవనమునకై విడిచినారు. అందులో నాటుటకు మొక్కలను కొనవలదని నేను కోరినాను. ముప్పదియేడు ఇండ్లకు పోయిన తోట నుండి, ఇంటికి ఒక కొమ్మ చొప్పున, తిరిగి తెచ్చి ఇండని మిమ్ము ప్రార్థించుచున్నాను. ఆ కొమ్మ తీసికొనని ఇండ్లవారు మీ పెరటిలోని ఏ మొక్కనైనను తేవచ్చును. తెచ్చినవారు స్వహస్తములతో నాటవలెను. తొలి చెంబు నీరు నేను పోసెదను. నాకు ఆ బాకీ ఉన్నది.

దాతలారా! మీరిచ్చిన ద్రవ్యముతో ఈ ఆలయము లేచినది. మీ పేర్లు రాతిమీద చెక్కబడినవి. అవి చిరకాలము నిలుచుగాక. పేరు చెక్కబడని దాతలు కొందరున్నారు. వారు తెచ్చినది ఉదయము పూచి సాయంకాలము వాడినది. దానిని స్వీకరించిన అమ్మవారు నేడు గర్భగుడిలో కూర్చుండి మనలను చూచుచున్నది.

మంత్రపుష్పమునందు నీటి యొక్క పూవును ఎరిగినవాడు పుష్పవంతుడు, సంతానవంతుడు, పశుసంపద గలవాడు అగునని వేదము చెప్పినది. దాని గూఢార్థమును పండితులు పలు విధములుగ చెప్పెదరు. నాకు తెలిసిన అర్థము చాల చిన్నది. చెంబెడు నీరు పోసినవానికే పూవు యొక్క సంగతి తెలియును.

మీ ఇండ్లు పచ్చగా ఉండుగాక. మీ వాకిళ్ళు పూయుగాక. 

లోకాః సమస్తాః సుఖినో భవంతు. స్వస్తి.